యుద్ధంలో చిక్కుకున్న పిల్లల కోసం 5 కిలోమీటర్ల నడక: దారి, డబ్బు, జాగ్రత్తలు

తొలిఅడుగు:

యుద్ధం వల్ల ఇల్లూ బడీ పోగొట్టుకున్న పిల్లలకు సాయంగా 5 కిలోమీటర్ల నడక పెడుతున్నాం. 400 మంది వస్తారని అంచనా. అందులో వంద మంది దాకా పిల్లలే. యుద్ధం నుంచి తప్పించుకుని వచ్చిన కుటుంబాలు కూడా కొన్ని మాతో నడుస్తాయి. ఇంకా పది వారాల టైముంది, వాలంటీర్లు 30 మంది ఉన్నారు.

దారి ఎలా ఎంచుకోవాలి, ఎలా కొలవాలి? నీళ్లు ఎన్ని కావాలి? చందా కిలోమీటరుకు ఇంత అని రాయించుకోవడం మంచిదా, ఒకే మొత్తంగా తీసుకోవడం మంచిదా? డబ్బుతో పాటు బట్టలు, బొమ్మలు కూడా పోగుచేద్దామని కొందరంటున్నారు. దారి పొడవునా యుద్ధంలో గాయపడ్డ పిల్లల ఫొటోలతో బోర్డులు పెడదామని ఇంకో ఆలోచన. ఇలాంటివి నడిపినవాళ్లు వివరంగా చెప్తే మేలు.

రసీదుపుస్తకం:

దారి సంగతి తర్వాత చూసుకోవచ్చండి. ముందు డబ్బు ఏ సంస్థకు, ఏ పనికి వెళ్తుందో తేల్చుకోండి. పోస్టర్ వేశాక సంస్థను మారిస్తే అప్పటికే ఇచ్చినవాళ్లకు జవాబు చెప్పలేరు.

సంస్థను చూసేటప్పుడు నాలుగు అడగండి. మీ దేశంలో రిజిస్టర్ అయిందా? ఆడిట్ అయిన లెక్కలు బయటపెడుతుందా? ఆ యుద్ధ ప్రాంతంలో తన మనుషులో, స్థానిక భాగస్వాములో ఇప్పటికే పనిచేస్తున్నారా? పిల్లల రక్షణకు రాతపూర్వక నియమావళి ఉందా? నాలుగోది లేకపోతే మిగతా మూడూ బాగున్నా వదిలేయండి. అక్కడున్న ఎవరికో తెలిసినవాళ్ల ఖాతాకి నేరుగా పంపుదామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. యుద్ధ ప్రాంతాలకు వెళ్లే వ్యక్తిగత బదిలీలను బ్యాంకులు తరచూ ఆపి విచారిస్తాయి, డబ్బు మధ్యలో ఇరుక్కుపోతుంది. అక్కడ అందుకున్న మనిషికీ ప్రమాదమే.

ఫలానా చోటికే, ఫలానా పనికే అని మరీ ఇరుగ్గా రాయకండి. 2004 డిసెంబరు సునామీ తర్వాత కొద్ది రోజులకే డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ అనే వైద్యసాయ సంస్థ ఆ పనికి సరిపడా డబ్బు వచ్చేసిందని ప్రకటించి, మిగతాది వేరే చోట్ల వాడుకోనివ్వమని దాతలను అడగాల్సి వచ్చింది. 'ఈ ప్రాంతపు పిల్లల కోసం. అక్కడ అవసరం తీరితే ఇదే సంస్థ మరోచోట యుద్ధబాధిత పిల్లల కోసం వాడుతుంది' అని ఒక్క వాక్యం ఫారంలో వేస్తే చాలు.

చందా ఒకే మొత్తంగా, నడకకు ముందే తీసుకోండి. కిలోమీటరు లెక్క వినడానికి ఉత్సాహంగా ఉంటుంది, వసూలులో దెబ్బతింటుంది. నడక అయ్యాక ప్రతి ఒక్కరూ తన పది మంది దాతల దగ్గరికి మళ్లీ వెళ్లి అడగాలి. మొహమాటపడి చాలామంది ఆగిపోతారు. పిల్లలకు మాత్రం కిలోమీటరు లెక్క ఇష్టమైతే ఉంచండి, కానీ 'గరిష్ఠంగా 5 కిలోమీటర్లు' అని షీటు మీదే వేయండి. షీటులో దాత పేరు, ఫోన్, మొత్తం, ఇచ్చిన తేదీ, రసీదు నంబరు అనే ఐదు గడులు చాలు. బాకీ ఉన్నవాళ్లకు మూడో రోజున ఒకసారి, పదో రోజున ఒకసారి గుర్తుచేసి ఆపేయండి.

ఖర్చులకు వేరే దాతను పట్టుకోండి. దొరక్కపోతే ఎంత భాగం ఖర్చులకు పోతుందో ముందే రాసేయండి. టీషర్టులు వద్దే వద్దు. సైజులు సరిపోవు, ముందే ఆర్డరివ్వాలి, రానివాళ్లవి మిగిలిపోతాయి. ఆ డబ్బంతా పిల్లలకు పోవాల్సింది. వీపుకు పిన్నుపెట్టుకునే గుడ్డముక్క చాలు, దాని మీద ఎవరి కోసం నడుస్తున్నారో వాళ్లే చేత్తో రాసుకుంటారు.

బట్టలు, బొమ్మలు అసలు తీసుకోకండి. వాటిని విడదీయడం, మూటకట్టడం, రవాణా, కస్టమ్స్ అన్నీ కలిపితే వస్తువు విలువ కంటే ఖర్చే ఎక్కువవుతుంది. పైగా సరిహద్దు దగ్గర మందుల లారీలకు ఇవి అడ్డం. అదే డబ్బు పంపితే దగ్గర్లోని బజారులోనే కొంటారు, అక్కడి కొట్టువాడూ నిలబడతాడు. ముఖ్యంగా పాలపొడి డబ్బాలు ఎవరైనా తెస్తే నమస్కారం పెట్టి వెనక్కిచ్చేయండి. శుభ్రమైన నీళ్లు లేని చోట సీసాపాలు విరేచనాలు తెచ్చి పసిపిల్లల ప్రాణం తీస్తాయి. ఇలాంటి విరాళాలు అడగొద్దు, తీసుకోవద్దు అనేదే ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ చెప్పే మాట.

దారికొలత:

డబ్బు సంగతి పైన చెప్పారు కాబట్టి దారి గురించి రాస్తాను.

బయల్దేరిన చోటికే తిరిగొచ్చే వలయం ఎంచుకోండి. మధ్యలో ఒకటో కిలోమీటరు దగ్గర వెనక్కి మళ్లే చిన్నదారి ఉండాలి. చక్రాల కుర్చీ, పసిపిల్లల బండి, మోకాళ్ల నొప్పులవాళ్లు అటు తిరుగుతారు. ఆ చిన్నదారిలో వాలు 20 మీటర్లకు 1 మీటరు మించకూడదు, మెట్టు ఒక్కటి కూడా ఉండకూడదు. కాలిబాట అంచు దిగే చోట ర్యాంపు ఉందో లేదో వెళ్లి చూడండి. మ్యాపులో అది కనిపించదు.

కొలవడానికి ఫోన్‌ను నమ్మకండి. ఎత్తైన భవనాల పక్కన, దట్టమైన చెట్ల కింద అది గీతను అటూ ఇటూ గెంటేస్తుంది. సైకిలుంటే చాలు. ముందు చక్రం టైరు మీద వాల్వు దగ్గర సుద్దతో గీత గీయండి, గీత నేలను తాకిన చోట నేల మీదా ఒక గుర్తు పెట్టండి. సీటు మీద మనిషి కూర్చునే నడపాలి, ఎందుకంటే బరువుకు టైరు కాస్త అణిగి చుట్టుకొలత తగ్గుతుంది. తిన్నగా పది చుట్లు వెళ్లి, మళ్లీ నేల మీద గుర్తుపెట్టి, మధ్య దూరాన్ని టేపుతో కొలిచి పదితో భాగించండి. చుట్టుకొలత 2.1 మీటర్లు వస్తే 5 కిలోమీటర్లకు దాదాపు 2,380 చుట్లు. సైకిల్ మీటరులో ఆ చుట్టుకొలత ఎక్కించుకుంటే లెక్కపెట్టే బాధ ఉండదు. కొలిచే రోజు గాలి కొట్టింది కొట్టినట్టే ఉంచండి.

ఇప్పుడు జనం. 400 మందీ ఒకేసారి బయల్దేరితే ఏమవుతుందో చూడండి. 2 మీటర్ల బాటలో ముగ్గురు పక్కపక్కన నడుస్తారు. అంటే 133 వరసలు. వరసకు మీటరున్నర వేసుకుంటే బారు 200 మీటర్లు. పిల్లలతో నడక గంటకు 3 కిలోమీటర్లు, అంటే నిమిషానికి 50 మీటర్లు. రోడ్డు దాటే ఒక్కో చోట నాలుగు నిమిషాలు వాహనాలు ఆగాలి. ఎవరూ ఆగరు. జనం మధ్యకు తెగిపోతారు, వెనకబడ్డవాళ్లు అందుకోవాలని పరిగెత్తుతారు, ప్రమాదం అక్కడే పొంచి ఉంటుంది.

వందేసి మందిగా నాలుగు జట్లు చేసి 8 నిమిషాల తేడాతో పంపండి. ఒక్కో జట్టు నిమిషంలో దాటేస్తుంది. వడిగా నడిచేవాళ్లను ముందు, పిల్లలున్న కుటుంబాలను తర్వాత పంపండి. లేకపోతే ఇరుకు బాటలో ఒకరినొకరు దాటుకోవడానికి రోడ్డు మీదికి దిగుతారు. ఈ లెక్కన చివరివాళ్లు చేరేసరికి మొదలుపెట్టినప్పటి నుంచి రెండు గంటల పైనే పడుతుంది. అనుమతి రెండు గంటలకు కాకుండా మూడు గంటలకు అడగండి.

30 మంది సరిపోతారు. నాలుగు క్రాసింగులనుకుంటే చోటుకు ఇద్దరు, ఆరు మలుపులకు ఒక్కొక్కరు, నీళ్ల దగ్గర నలుగురు, నమోదు దగ్గర నలుగురు, ప్రథమచికిత్సకు ఇద్దరు, ముందు ఒకరు, తోకలో ఇద్దరు. మొత్తం 27. మిగిలిన ముగ్గురినీ ఎక్కడా పెట్టకండి, రానివాళ్ల స్థానంలోకి వాళ్లు వెళ్తారు. నమోదు దగ్గరివాళ్లు చివరి జట్టు కదలగానే ముగింపు దగ్గరికి మారాలి.

క్రాసింగు దగ్గర నిలబడే వాలంటీరుకు ఒకే మాట పదిసార్లు చెప్పండి: వాళ్లు ఆపాల్సింది నడిచేవాళ్లను. వాహనాలను ఆపే అధికారం పోలీసులకే ఉంటుంది. చెయ్యి అడ్డంపెట్టి వాహనాన్ని ఆపబోయే వాలంటీరే అందరికంటే ముందు దెబ్బతింటాడు.

ప్రతి 500 మీటర్లకు ఒక నంబరు అట్ట కట్టండి. ఎవరైనా పడిపోతే 'పెద్దచెట్టు దగ్గర' అని చెప్పే బదులు 'ఏడో నంబరు' అంటే అంబులెన్సు తిన్నగా వస్తుంది. అది రావడానికి మూడున్నర మీటర్ల వెడల్పు ఎక్కడికక్కడ ఖాళీగా ఉండాలి.

ప్రథమచికిత్స:

నీళ్ల లెక్క: సగం దారిలో మనిషికి పావు లీటరు, ముగింపులో అర లీటరు. 400 మందికి 300 లీటర్లు, ఐదో వంతు అదనంగా కలిపితే 360. అంటే 20 లీటర్ల క్యాన్లు 18: మధ్యలో 6, ముగింపులో 12. ఒక్కో క్యాను 20 కిలోలు కాబట్టి దారి మూసేలోపే వాహనంలో దింపేయాలి. ఎవరి సీసా వాళ్లే తెచ్చుకుంటారు అనుకుంటే నాలుగు కొళాయిలు పెట్టండి. మనిషికి 15 సెకన్లు వేసుకున్నా వంద మందికి ఆరు నిమిషాలు, తర్వాతి జట్టు వచ్చేలోపు ఖాళీ అవుతుంది. బల్లను మలుపులో పెట్టకండి. మలుపు దాటాక తిన్నగా ఉన్న చోట, 15–20 మీటర్ల అవతల పెట్టండి.

మరుగుదొడ్లు 400 మందికి ఆరు, అందులో ఒకటి చక్రాల కుర్చీ పట్టేది. బయల్దేరడానికి ముందు అరగంటలోనే రద్దీ అంతా.

5 కిలోమీటర్లలో ఎక్కువగా కనిపించేవి బొబ్బలు, చీలమండ బెణకడం, ఎండకు కళ్లు తిరగడం. బొబ్బను పొడవకండి, చుట్టూ మెత్త అంటించి వదిలేయండి. కళ్లు తిరిగినవాళ్లను నీడలో పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తులో పెట్టి, స్పృహలో ఉంటే గుక్క గుక్కగా ఓఆర్ఎస్ పట్టండి. ఎండలో నడిచాక ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే అది వడదెబ్బ. వెంటనే అంబులెన్సును పిలవాలి, అది వచ్చేదాకా తడిగుడ్డతో, గాలితో ఒళ్లు చల్లబరుస్తూనే ఉండాలి. షుగర్ ఉన్నవాళ్లు, ఆస్తమా ఉన్నవాళ్లు తమ మందులు సంచిలో కాకుండా ఒంటి మీదే పెట్టుకోవాలని నమోదు ఫారంలో రాయండి.

పిల్లలపక్షం:

ఫొటోల బోర్డుల గురించి. దయచేసి పెట్టకండి. గాయపడ్డ పిల్లాడు తన ఫొటో రోడ్డు మీద నిలబెట్టడానికి ఒప్పుకుని ఉండడు. మీతో నడిచే పిల్లల్లో ఎవరికైనా అది తెలిసిన ముఖం కావచ్చు, తను పారిపోయి వచ్చిన వీధి కావచ్చు.

వాటి బదులు వస్తువులు చూపించండి, మాటల కంటే గట్టిగా పనిచేస్తాయి. ఒక ఉదాహరణ చెప్తాను. 6 నెలల నుంచి 5 ఏళ్లలోపు పిల్లల్లో తీవ్ర పోషకాహార లోపాన్ని గుర్తించడానికి జబ్బ మధ్యభాగం చుట్టూ రంగుల పట్టీ కొలత వేస్తారు. 115 మిల్లీమీటర్ల లోపు వస్తే ఎరుపు, 115 నుంచి 125 లోపు పసుపు. కాగితాన్ని 13 సెంటీమీటర్ల పొడవు, 2 సెంటీమీటర్ల వెడల్పు ముక్కలుగా కోసి, సెంటీమీటరున్నర ఒకదాని మీద ఒకటి పడేలా అంటిస్తే సరిగ్గా 11.5 సెంటీమీటర్ల చుట్టు వస్తుంది. ఏ4 కాగితంలో 20 ముక్కలు తెగుతాయి, 20 కాగితాలతో 400 మందికీ సరి. రెండో కిలోమీటరు దగ్గర ఒక్కొక్కరి చేతిలో పెట్టండి. పెద్దవాళ్ల రెండు వేళ్లు పక్కపక్కన దూర్చేసరికి ఆ చుట్టు దాదాపు నిండిపోతుంది. అది ఒక బిడ్డ జబ్బ. వివరం చెప్పే మనిషి పక్కనే ఉండాలి, లేకపోతే అది చెత్తబుట్టలోకి పోతుంది.

దాని పక్కనే చికిత్సలో వాడే పోషకాహార పొట్లం గురించి రాయండి: 92 గ్రాములు, 500 కిలోకేలరీలు. వేరుశెనగ ముద్ద, పాలపొడి, నూనె, పంచదార, విటమిన్లు కలిపింది. నీళ్లు కలపక్కర్లేదు, అందుకే మురికినీళ్లున్న చోట కూడా బిడ్డ ఇంటి దగ్గరే తినగలదు. పైన పాలపొడి డబ్బాలు వద్దన్నదానికి కారణం కూడా చూసేవాళ్లకు ఇక్కడ అర్థమవుతుంది.

మూడో కిలోమీటరు దగ్గర బడి. యునిసెఫ్ అత్యవసర బడిపెట్టె ఒక టీచరుకూ 40 మంది పిల్లలకూ సరిపోతుంది. పెట్టె మూతకు అందులోనే ఉన్న రంగు పూస్తే నల్లబల్ల అవుతుంది. నోటుపుస్తకాలకు మార్జిన్ గీత ఉండదు, ఎందుకంటే కొందరు పిల్లలు ఎడమ నుంచి, కొందరు కుడి నుంచి రాస్తారు. ఒక రేకుపెట్టె, నల్లరంగు, మార్జిన్ లేని పుస్తకం తెచ్చి నమూనా చేసి పెట్టండి, పిల్లలు దాని చుట్టూ మూగుతారు.

నాలుగో దగ్గర చట్టం, రెండు వాక్యాల్లో. 1989 బాలల హక్కుల ఒడంబడికలో 38వ అధికరణం యుద్ధంలో పిల్లల రక్షణ గురించి, 39వది వాళ్లు కోలుకోవడం గురించి. 2000లో వచ్చిన అదనపు ఒప్పందం 18 ఏళ్లలోపు వాళ్లను బలవంతంగా సైన్యంలో చేర్చుకోకూడదని, నేరుగా పోరులోకి దింపకూడదని చెప్తుంది. అది 2002 ఫిబ్రవరి 12న అమల్లోకి వచ్చింది.

ఇక మీతో నడిచే ఆ కుటుంబాల గురించి. తుపాకీ పేల్చి మొదలుపెట్టకండి. బాణసంచా, బెలూన్లు, సైరన్లు, ఫొటోల కోసం డ్రోన్లు, ఏవీ వద్దు. డ్రోన్ చప్పుడుకే బల్ల కింద దూరే పిల్లలుంటారు. జెండా ఊపితే చాలు. వేదిక మీదికి పిలిచి 'నీకేం జరిగిందో చెప్పమ్మా' అని అడగకండి, బిడ్డ తనంతట తాను అడిగినా సరే, చూసుకునే నిపుణులు లేకుండా ఒప్పుకోకండి. ఫొటోలకు తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతితో పాటు బిడ్డ ఒప్పుకోలూ కావాలి. ముఖం, పేరు, ఊరు మూడూ కలిపి ఎక్కడా వేయొద్దు. వెనక ఉండిపోయిన బంధువులకు అది ముప్పు.

తొలిఅడుగు:

చాలా థాంక్సండి అందరికీ. ఫొటోల బోర్డులు, బట్టల సేకరణ రెండూ మానేస్తున్నాం. ఇంకో రెండు అనుమానాలు. ఒక వర్గంవాళ్లు తమ దేశం జెండాలతో వస్తామంటున్నారు, కాదంటే బాధపడతారేమో. రెండోది, జనంలో పిల్లలు తప్పిపోతే ఏం చేయాలి?

పిల్లలపక్షం:

జెండాలు వద్దనండి, నియమం అందరికీ ఒకటే అని నమోదు ఫారంలోనే వేయండి. ఆ రోజు పొద్దున చెప్తే గొడవ, ఆరు వారాల ముందు చెప్తే మర్యాద. సేవ్ ద చిల్డ్రన్ అనే పిల్లల సహాయ సంస్థను 1919లో ఎగ్లంటైన్ జెబ్, ఆమె అక్కచెల్లెళ్లలో ఒకరైన డొరొతీ బక్స్‌టన్ లండన్‌లో మొదలుపెట్టారు, మొదటి ప్రపంచ యుద్ధంలో తమ దేశంతో పోరాడిన జర్మనీ, ఆస్ట్రియా పిల్లలు దిగ్బంధంలో ఆకలితో మాడుతున్నారనే. శత్రుదేశపు పిల్లలకు చందా ఏమిటని అప్పుడూ అడిగారు. మీ దగ్గరికి వచ్చేవాళ్లతో ఈ సంగతి చెప్పండి, జెండా బదులు వాళ్ల భాషలో 'పిల్లలు' అన్న మాట రాసిన గుడ్డ పట్టుకోమనండి. అన్ని భాషల్లోనూ ఆ ఒక్క మాటే ఉంటే బారు చూడ్డానికీ బాగుంటుంది.

దారికొలత:

తప్పిపోయిన పిల్లల విషయం. నమోదు దగ్గరే ప్రతి బిడ్డ మణికట్టుకు కాగితపు పట్టీ కట్టండి, లోపలి వైపు పెద్దవాళ్ల ఫోన్ నంబరు రాయండి. పేరు బయటికి కనిపించకూడదు. పేరు పెట్టి పిలిచిన కొత్త మనిషిని పిల్లలు ఇట్టే నమ్మేస్తారు.

బిడ్డ దొరికితే వాలంటీర్లు ఇద్దరు కలిసే ఉండాలి, అందరికీ కనిపించే చోటే. ఒక్కరే పక్కకు తీసుకెళ్లకూడదు. మైకులో బిడ్డ పేరు, చొక్కా రంగు చెప్పకండి. పట్టీ మీది నంబరుకు ఫోన్ చేయండి. నెట్‌వర్క్ అందకపోతే 'అందరూ తమ పిల్లలను ఒకసారి చూసుకోండి' అని మాత్రమే ప్రకటించండి. వచ్చినవాళ్లు బిడ్డను చూడకముందే ఏం వేసుకుందో, ఎన్నేళ్లో చెప్పాలి, పట్టీలో ఉన్న నంబరు వాళ్ల ఫోన్‌లో మోగాలి. తోకలో నడిచే ఇద్దరూ దాటాక దారిలో ఒక్క బిడ్డ కూడా మిగలకూడదు, అందుకే ఆ ఇద్దరి చోట మీ జట్టులో నెమ్మదస్తులను పెట్టండి.

రసీదుపుస్తకం:

చివరగా ఆ రోజు వచ్చే నగదు. డబ్బా మూతకు నంబరున్న సీలు వేయండి, నంబరు పుస్తకంలో రాయండి. తెరిచేటప్పుడు ఒకే ఇంటివాళ్లు కాని ఇద్దరు ఉండాలి. ఒకరు లెక్కపెట్టాక రెండోవారు మొదటి అంకె చూడకుండా మళ్లీ లెక్కపెట్టాలి, రెండూ కలిశాకే సంతకాలు. ఖర్చులకు ఆ డబ్బాలోంచి ఒక్క నోటు కూడా తీయొద్దు, తీస్తే తర్వాత ఏ లెక్కా కుదరదు. అదే రోజు, లేదా బ్యాంకు తెరిచిన మొదటి రోజు, మొత్తం జమచేయాలి.

వాన పడితే నడక ఆపాలా వద్దా అన్నది ఎవరు, ఎన్ని గంటలకు తేలుస్తారో కూడా ఫారంలో ఉండాలి. ఆగిపోయినా చందా తిరిగివ్వరని, అది పిల్లలకే వెళ్తుందని పక్కనే వేయండి.

నడక అయ్యాక నెలలోపు, చందా ఇచ్చిన ప్రతి ఒక్కరికీ ఒక పేజీ పంపండి: వచ్చింది ఎంత, ఖర్చు ఎంత, ఖర్చు ఎవరు భరించారు, సంస్థకు పంపిన తేదీ, సంస్థ ఇచ్చిన రసీదు ఫొటో. రసీదు ఇంకా రాకపోతే ఆ మాటే రాసి పంపండి, వచ్చాక రెండోసారి పంపండి.